నాలుగో పళ్ళెం పాట మీద హక్కు

టెనసీ రాష్ట్రం, మాడిసన్‌లో ఉంటున్న లుడెల్ మే స్టాంపర్ అనే నేను, వయసు ముప్పై ఎనిమిది, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. రేపు పొద్దున ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా ఎగ్జిబిషన్‌లో పాడడానికి నన్ను నలుగురు పట్టే విమానంలో తీసుకెళ్తున్నారు. పుట్టాక నేను నేల వదిలింది లేదు. మాలాంటి పాటగాళ్ళు ఇలాంటి బుల్లి విమానాల్లో ఎంతమంది పోయారో ఇక్కడ అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

1. ఈ వీలునామాను మా చర్చి పాస్టరు ఏమస్ టిప్టన్ గారు అమలు జరపాలి. నా మేనేజరు హాయిట్ గాడిస్‌కు ఇందులో ఏ అధికారమూ లేదు. బస్సులో వెళ్తానని కాళ్ళావేళ్ళా పడ్డాను. "రికార్డు ఏడాది పైగా రేడియోలో మోగిపోతుంటే బస్సులో ఈడుస్తూ కూర్చుంటావా తల్లీ?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను క్షమించలేదని అతనికి తెలియజేయాలి.

2. నా నీలం స్టేజీ గౌను మా అక్క వెర్నీ కూతురు జూనీకి. అంచు లోపల రెండంగుళాల బట్ట మడిచి ఉంది, విప్పితే సరిపోతుంది. చంకల దగ్గర మరక మాత్రం పోదు. ప్రతి ప్రోగ్రాం ముందూ భయంతో పట్టిన చెమట అది.

3. గిటారు అక్క కొడుకు డేల్‌కు. మూడో తీగ ఊరికే వదులవుతుంది. విసుక్కోకు నాన్నా, బిగించుకో.

4. 'నాలుగో పళ్ళెం' పాట గురించి, అదే పేరుతో వచ్చిన రికార్డు గురించి నిజం ఇది. అక్క మొగుడు కోయ్ ఏడేళ్ళ క్రితం కెంటకీ బొగ్గుగనిలో పోయాడు. అక్క ఈనాటికీ రాత్రి భోజనానికి తనకూ పిల్లలకూ మూడు పళ్ళేలు పెట్టి, అతనికి నాలుగోది పెడుతుంది. ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఆమె పెట్టిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తిని, తిరుగుదారిలో పాట కట్టాను. ఆమెను అడగలేదు.

రికార్డు అట్ట వెనక "ఈమె పాడే ప్రతి మాటా ఈమె బతుకే" అని అచ్చువేశారు. చదివి ఊరుకున్నాను. ఒక ప్రోగ్రాం అయ్యాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ఆయన కూడా గనిలోనే పోయాడా అమ్మా?" అంది. "అవునమ్మా" అన్నాను. నాకసలు పెళ్ళే కాలేదు. మా పాటలు వినేవాళ్ళు గొంతు బాగోకపోయినా సహిస్తారు, అనుభవించనిది పాడితే సహించరు. ఆ భయంతో ఎన్ని ఊళ్ళలో ఎంతమంది విధవరాళ్ళకు ఆ అబద్ధం చెప్పానో లెక్కలేదు.

పాట చివర ఆ ఇల్లాలు పళ్ళెం కడిగి బీరువాలో పెట్టేస్తుంది. "ఆఖర్న గుండె దిటవు చేసుకోవాలి, లేకపోతే రేడియోవాళ్ళు వెయ్యరు" అన్నాడు గాడిస్. అలాగే రాశాను. అక్క అది తన వంటింటి రేడియోలో వింది. ఫోన్ చేసి ఒక్కటే మాట అంది: "నా మొగుడి పళ్ళెం ఎత్తెయ్యడానికి నువ్వెవరివే?" పద్నాలుగు నెలలైంది. నా ఉత్తరాలు విప్పకుండానే తిరిగి వస్తున్నాయి.

5. కాబట్టి ఆ పాట మీద సర్వహక్కులూ, ఈ ఇల్లూ నా అనంతరం అక్క వెర్నీ కాడిల్‌కు దఖలు పరుస్తున్నాను. పాట చివర మార్చినా, అసలెవరూ పాడకూడదన్నా ఆమె ఇష్టం. నాలుగో నిబంధనను పాస్టరు గారు నా సమాధి దగ్గర అందరికీ వినబడేలా చదవాలి. పత్రికలవాళ్ళుంటే ఉండనివ్వండి.

6. నన్ను కెంటకీలో అమ్మ పక్కన పెట్టాలి, అక్క ఒప్పుకుంటేనే. పెట్టె మూత తెరవొద్దు. పైనుంచి పడ్డ మనిషి ఎలా ఉంటుందో పిల్లలు చూడకూడదు. ఈ మాట రాయడానికి మూడుసార్లు కలం కింద పెట్టాను.

7. వెర్నీ, రేపు నేను క్షేమంగా దిగితే ఈ కాగితానికి పని ఉండదు. అప్పుడు ఇదంతా నీ గుమ్మంలో నిలబడి నా నోటితోనే చెప్పుకోవాలి. విమానం కంటే నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

1966 సెప్టెంబరు 14, మాడిసన్.

(సంతకం) లుడెల్ మే స్టాంపర్

ఆమె మా ఎదుటే సంతకం చేసిందని సాక్షులం:
ఐనెజ్ హార్బిన్, పక్కింటావిడ
క్లీట్ వోమాక్, బస్సు డ్రైవరు