వెనక గడప వెలుతురు

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన చర్చి టీచరమ్మ నీ బొంతల ఫొటోలు కరీంనగర్ ఎగ్జిబిషన్‌కు పంపుతానని, ఫొటోలు తీసే ఆయనను ఇంటికి తీసుకొచ్చింది.

ఆయన ఇల్లంతా తిరిగాడు. అర్రలో చీకటి. వాకిట్లో ఎండ మరీ ఎక్కువై కుట్లు కనిపించలేదు. చివరికి వెనక గడప దగ్గర ఆగి, "గీడ ఎలుతురు మంచిగున్నది" అన్నాడు.

బొగ్గుబాయి నుంచి వచ్చి నేను రోజూ విసుక్కున్న చోటే అది. "తొవ్వకడ్డం కూసున్నవేందవ్వా, జరుగు!" అనేవాణ్ని. చిరిగిన నా అంగీల ముక్కలు ఒళ్లో వేసుకుని, చీకటి మూలకు జరిగేదానివి. ఒక్కసారి మాత్రం, "గీడనే సూది బెజ్జం కండ్లకు ఆనుతది బిడ్డా" అన్నావు. నేను పట్టించుకోలేదు.

ఇవాళ ఆ తలుపుకే మేకులు కొట్టి, నీ చివరి బొంత వేలాడదీశాను. కుట్లన్నీ కనిపించాయి. సగం నుంచి వంకరపోయాయి. అవి మూలన కూర్చుని కుట్టినవే.

వాటినే చూస్తూ గడపలో నిలబడిపోయాను.

"అన్నా, జర జరుగు. ఎలుతురుకు అడ్డమున్నవ్" అన్నాడాయన.

నీలాగే మూలకు జరిగానవ్వా.