నాయన మెచ్చిన బగారన్నం

ఖమ్మం, 2008, ఆదివారం

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ కరెంటు పెట్టించాక నాయన ఇల్లు కదల్లేదు. ఇవాళ బతిమాలి, కొత్తగా తెరిచిన ఫ్యూజన్ హోటల్‌కు తీసుకెళ్లాను. మన బగారన్నం మీదే చీజ్ కరిగించి గాజు గిన్నెలో పెట్టారు. పెళ్లిళ్లకు వండుతూ ముసలివాడైన మనిషి, ఇంకొకరి వంటను మెచ్చుకోగా నేనెన్నడూ వినలేదు. ఇవాళా తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు.

నేనూ తిని చూశాను. అన్నంలో ఉప్పే లేదు.

"ఉప్పు సరిపోయిందా నాయనా?" అని అడిగాను.

"అవ్, సరిపోయింది. నువ్వు తిను, చల్లారుతది."

కరెంటుతో పోయిన నాలుక రుచి మెల్లగా తిరిగొస్తుందని డాక్టరు అన్నాడు, ఎప్పటికో చెప్పలేదు. వచ్చేటప్పుడు ఆటోలో నాయన, "జూలూరుపాడు పెళ్లికి వంట ఒప్పుకున్నా. ఇంట్ల కూసుంటే ఏమొస్తది?" అన్నాడు.

వద్దనకుండా, సరేననకుండా, పెళ్లి ఎప్పుడని అడిగాను.