లేచి నిలబడేవాళ్ళు

2016 మార్చి 9

ముఖియాగా, అంటే ఊరి సర్పంచిగా, గెలిచి మూడు నెలలు. ఇవాళ మొదటిసారి భయం వేసింది.

కొండ మీద క్వారీ వాళ్ళు పేల్చిన రాయి ఎగిరొచ్చి స్కూలు రేకులు చీల్చుకుని మూడో తరగతి గదిలో పడింది. పిల్లలు అన్నాలకి వరండాలోకి వచ్చారు కాబట్టి సరిపోయింది. ఊరి ఆడవాళ్ళందరం వెళ్ళి లారీలకి అడ్డంగా కూర్చున్నాం. ఓనరు ఓంకార్ భగత్ స్వయంగా వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. నవ్వాడు. "సల్ఖో దీదీ, మీ ఆయన ఉత్తరాల సంచీ వేసుకుని రోజూ మా లారీల దారినే కదా సైకిల్ తొక్కేది? కాస్త చూసుకుని వెళ్ళమనండి" అన్నాడు.

పక్కనున్న ఆడవాళ్ళే తిట్టిపోశారు.

2016 మార్చి 30

బ్లాస్టింగ్ ఆపించాం. నేనేమీ చెప్పకపోయినా మా ఆయన ధేనా చీకటి పడకముందే ఇంటికి వచ్చేస్తున్నాడు.

2019 డిసెంబర్ 24

ఎమ్మెల్యేనయ్యాను. రాయడానికే వింతగా ఉంది.

ధేనా డోలు మెడలో వేసుకుని ఊరంతా ఆడాడు. పోస్టుమాస్టరు కూడా వచ్చి, "ఇక నీ భార్యకే నువ్వు ఉత్తరాలు మోయాలిరా" అని ఆటపట్టించాడు. అంతలో మిఠాయి పెట్టెతో భగత్ దిగాడు. మా పార్టీలో చేరి ఏడాదైందట. జిల్లా కోశాధికారి అట. నాకెవరూ చెప్పలేదు. కెమెరాల ముందు నా నోట్లో లడ్డూ కుక్కాడు. మింగలేను, ఉమ్మలేను. ఫొటోలో నవ్వుతున్నట్టే ఉన్నాను.

2021 ఆగస్ట్ 5

అసెంబ్లీలో కొండ గురించి ప్రశ్న వేశాను. హిందీ తడబడింది. అయినా ముఖ్యమంత్రి లేచి క్వారీ లీజు రద్దు చేస్తున్నామన్నారు. బయటికొచ్చి బాత్రూంలో ఏడ్చాను.

2021 ఆగస్ట్ 19

నాకు కొత్తగా ఇచ్చిన గన్‌మన్ పవన్, ఆ ఓంకార్ భగత్‌కి మేనల్లుడి వరస అని ఇవాళ తెలిసింది.

2021 నవంబర్ 2

ఏమీ జరగలేదు. ఒక జీపు ఇంటి ముందు ఆగింది. ఎవరూ దిగలేదు. వెళ్ళిపోయింది.

2022 జూన్ 20

పార్టీ మీటింగ్ అని రాజధానికి రమ్మన్నారు. అక్కడ బస్సెక్కించి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళారు. మా పార్టీలో సగంమంది మా ముఖ్యమంత్రినే దించబోతున్నారు. ఆ సగంలో నేనూ ఉన్నానని విమానం ఎగిరాక తెలిసింది.

ఫోన్లన్నీ ఒక సంచిలో వేసుకున్నారు.

2022 జూన్ 21

సముద్రం పక్కన రిసార్ట్. సముద్రాన్ని ఇంతవరకు చూడలేదు. కర్టెన్లు తియ్యొద్దన్నారు. చప్పుడు మాత్రం వినిపిస్తోంది, రాళ్ళ క్రషర్ ఆడుతున్నట్టు.

నా గదిలో సుశీలా కేర్‌కెట్టా. మూడుసార్లు గెలిచింది, ఎవరికీ జంకదని పేరు. ఆమే తలుపు దగ్గర అడుగుల చప్పుడు వినగానే మాట ఆపేస్తోంది.

సాయంత్రం భగత్ వచ్చాడు. కొత్త ప్రభుత్వం రాగానే కొండ లీజు తనకి తిరిగి వస్తుందట. దాచుకోకుండానే చెప్పాడు. "మీరేం చెయ్యక్కర్లేదు దీదీ. విశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు లేవండి అంటాడు స్పీకర్. మీరు లేవకండి. అంతే. కూర్చోడం కూడా కష్టమేనా?"

2022 జూన్ 23

రోజుకొక్క ఫోన్. స్పీకర్‌లో పెట్టి మాట్లాడాలి. హిందీలోనే. పక్కన పవన్.

ఇవాళ ధేనా గొంతు వెనక ఇంటి చప్పుళ్ళు లేవు. కోళ్ళు లేవు, ఎవరి మాటా లేదు. "భగత్‌గారి గెస్ట్‌హౌస్‌లో ఉన్నాను. బాగానే చూసుకుంటున్నారు" అన్నాడు, ఎవరో అప్పజెప్పమన్న పాఠంలా. అంతలోనే మా భాషలో, గబగబా: "నా గురించి భయపడి ఆగిపోకు."

పవన్ ఫోన్ లాక్కున్నాడు. ఏమన్నాడని అడిగాడు. మేకకి జబ్బు చేసిందట అన్నాను. "ఎమ్మెల్యే అయినా మేకలేనా దీదీ!" అని నవ్వాడు.

ఆ గెస్ట్‌హౌస్ కింద పాత క్వారీ గుంట ఉంది. నిండా నీళ్ళు. కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది.

2022 జూన్ 24

ఫోన్ ఇవ్వలేదు. అడిగితే రేపు అన్నారు.

సుశీలక్క మంచం మీద అటు తిరిగి పడుకునే చెప్పింది. "నా కొడుకుని కూడా తీసుకెళ్ళారు పిల్లా. నేను లేవను. నువ్వు లేస్తే తప్పుపట్టను. కానీ ఆ సమయంలో నా మొహంకేసి చూడకు, నీకు దండం పెడతాను."

2022 జూన్ 25

ఇవాళా ఫోన్ లేదు. నిర్ణయించుకున్నాను. లేవను. ముందు ధేనా బతకాలి. కొండ సంగతి తర్వాత.

2022 జూన్ 27

అసెంబ్లీ మెట్ల దగ్గర భగత్ ఎదురొచ్చాడు. మంచి హుషారుగా ఉన్నాడు. "మిషన్లు నిన్ననే కొండెక్కాయి దీదీ. పొద్దున్నుంచి డ్రిల్లింగ్. ఇంక మీరు కూర్చోడం ఫార్మాలిటీ" అన్నాడు. స్కూలుకి సెలవిచ్చారా అని అడిగాను.

"ఏ స్కూలు?" అన్నాడు.

వెక్కిరింపు కాదు. నిజంగానే గుర్తులేదు అతనికి.

లోపల సుశీలక్క బల్ల కింద నా కొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అనుకూలంగా ఉన్నవాళ్ళు లేవండి అన్నాడు స్పీకర్. కొంగు లాగాను. వదిలేసింది. ఆమె మొహంకేసి చూడలేదు. లేచాను. రిసార్ట్ నుంచి వచ్చినవాళ్ళలో నేనొక్కదాన్నే.

ప్రభుత్వం నిలిచింది. లెక్క చదివారు, వేరే పార్టీల వాళ్ళు కొందరు లేచారు. నేను లేవకపోయినా నిలిచేదే.

2022 జూన్ 28

పోలీసులు గెస్ట్‌హౌస్‌కి వెళ్ళారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయట. సుశీలక్క కొడుకు నిన్ననే ఇల్లు చేరాడు. ధేనా లేడు. మంచం మీద అతని ఖాకీ చొక్కా ఒక్కటే దొరికింది. పవన్ కూడా కనిపించడం లేదు.

2022 జూన్ 29

గుంటలోకి ఈతగాళ్ళు దిగారు. ఒడ్డున కూర్చున్నాను. వాళ్ళు నీళ్ళలోంచి తల పైకెత్తిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాను. ఊరి ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఉన్నారు. ధేనాని చంపింది నేనే అనుకుంటున్నాను.

2022 జూన్ 30

ధేనా వచ్చాడు. నడిచి. ఒక కాలికే చెప్పు ఉంది. అన్నం పెట్టమన్నాడు. సగం తిన్నాక, లేచావా అని అడిగాడు. లేచానన్నాను.

"మరి నన్నెందుకు వదిలేశారు?" అన్నాడు.

భగత్ బయటే తిరుగుతున్నాడు, పవన్ ఇంకా దొరకలేదు. ఇద్దరం తలుపు వైపు చూశాం.