పెడల్ మీద ఉత్తి కాలు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన కౌల్ బజార్ జీన్స్ షెడ్డులో నీ మిషన్ మీద కుట్టే ఖాదర్ ఈ రోజే తిరిగి పనిలోకి వచ్చాడు. అతనికీ షుగరే. నీకు లాగే కింద పడ్డ విరిగిన సూది గుచ్చుకుని కాలి బొటనవేలు పుండయింది. వేలు తీసేస్తే మానిపోయింది. నీకూ ముందు వేలే తీశారు. తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. ఏదీ మానలేదు.

ఖాదర్‌ది మానింది, నీదెందుకు మానలేదని మొన్న డాక్టరును అడిగాను.

"ఆయప్ప కిడ్నీలు బాగుండాయప్పా. మీ అన్నవి పోయినాయి, ఇంక పుండు యాడ మానుతాది? నీవి కూడా సగం పోయినాయి" అన్నాడు నా రిపోర్టు చూస్తూ. మనిద్దరి షుగరుకు తోడు, నడుం నొప్పికి రోజూ మింగిన మాత్రలు కూడా వాటిని దెబ్బతీశాయట. మెడికల్ షాపు నుంచి తెచ్చి, నీకొకటిచ్చి నేనొకటి వేసుకున్నవే అవి.

చెప్పులేసుకుని కుట్టమన్నాడు. చెప్పుంటే మిషన్ వేగం కాలికి తెలియదని నేర్పింది నువ్వే కదా. ఇవాళ కూడా చెప్పులు విడిచే కూర్చున్నాను. పెడల్ మీద కాలు పెట్టాక, నిజంగా విడిచానో లేదో తెలియక వంగి చూసుకున్నాను.