ఛాతీ మీద పెట్టె, ఏడు రోజుల సాత్వికం

సోమవారం, ఉదయం 11.00
ఛాతీకి ఐదు తీగలు, మెడలో అగ్గిపెట్టెంత యంత్రం. పోయిన నెల మెట్టుగూడ మందిరంలో ప్రసంగిస్తుండగా నాలుక మడతపడింది, కుడిచేయి వేలాడిపోయింది. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడిందట. అది గుండెలోంచి వచ్చిందేమో, గుండె లయ తప్పుతోందేమో పట్టుకోవాలంది డాక్టరమ్మ. పట్టుకోకపోతే మళ్లీ రావచ్చు, మాట పూర్తిగా పోవచ్చు. ఏడు రోజులు పెట్టె తీయకూడదు. ఏ గంటకు ఏం చేశానో వాళ్లిచ్చిన కాగితంలో రాయాలి. ఈ డైరీ మాత్రం నా సొంతం.

నిర్ణయం: ఏడు రోజులు సాత్వికుణ్ణి. కేకల్లేవు, ప్రసంగం లేదు. గుండె పరీక్ష పాసైతే మైకు మళ్లీ నాదే!

సాయంత్రం 5.00
పక్కింటాయన బండి మా గేటుకు అడ్డం పెట్టాడు. చిరునవ్వు నవ్వాను. నా భార్య ఎలీసబెతు నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

మంగళవారం
6.00 లేచాను. 6.10 సాత్వికం. 8.00 ఉప్పు లేని ఉప్మా. అయినా సాత్వికం.

బుధవారం, మధ్యాహ్నం 3.00
బోయిగూడలో ప్రార్థన కూడిక. వినడానికే వెళ్లాను. అక్కడి బోధకుడు కామరాజు వాక్యం చదువుతూ అధ్యాయం తప్పు చెప్పాడు. సరిదిద్దడం ప్రసంగం కిందికి రాదు కదా.

4.45
సరిదిద్దడానికి గంటన్నర పట్టింది. ముందే వెనక గదిలోకి వెళ్లి తీగలు ఊడదీసి, పెట్టెను మేకుకు తగిలించాను. నా కేకలు అందులో పడితే డాక్టరమ్మ ప్రసంగాలే మాన్పిస్తుంది. కాగితంలో రాసింది: విశ్రాంతి.

గురువారం
మెట్టుగూడ కూడిక. పెట్టె మేకుకు. కాగితంలో విశ్రాంతి.

శుక్రవారం
ఉపవాస కూడిక. మూడు గంటల విశ్రాంతి. గొంతు బొంగురుపోయింది.

ఆదివారం
మందిరంలో ఆరాధన, ప్రసంగం నాదే, పెట్టె మేకుకు. కాగితంలో విశ్రాంతి దినం అని రాశాను. అదొక్కటీ అబద్ధం కాదు.

సోమవారం, ఉదయం 10.00
డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. "అయ్యగారూ, మీరు పండుకున్ననని రాసిన తొమ్మిది గంటల్ల మీ గుండె ఒక్కసారి సుత కొట్టలే. నాకు ఆ గంటలే కావాలె."

అబద్ధ సాక్ష్యం మీద ఊరూరా నిప్పులు కురిపించే నేను నేల చూశాను. మైకు పోతుందని భయపడ్డానని ఒప్పుకున్నాను. ప్రసంగం మానమని ఎవరన్నారని అడిగింది ఆమె. తీగలతోనే చెప్పమంది.

ఎలీసబెతు పక్కనే కూర్చుని ఉంది. మెల్లగా, "మీకు మాట పడిపోతే ఇంట్ల నేనెవరి మాట వినాలె?" అంది. ముప్పై రెండేళ్లుగా నన్ను నోరు మూసుకోమంటున్న మనిషి.

11.20
కొత్త తీగలు, కొత్త కాగితం. నిర్ణయం: ఏడు రోజులు పెట్టె తీయను, అబద్ధం రాయను. సాత్వికం కూడా, వీలైనంత.

11.45
ఆస్పత్రి గేటు దగ్గర ఆటో అతని మీద అరిచాను. రాశాను.

11.50
మళ్లీ అరిచాను. రాశాను.