వెనకవైపు బాణాలు

అమ్మాయీ, నేను క్షేమం, నాకు మతీ పోలేదు. "మీ నాన్న కొండ మీద దారి తప్పారు, తీసుకెళ్ళిపోండి" అని నీకు ఫోన్ చేసిన నడకదారుల సంఘం కార్యదర్శికే బుర్ర లేదు. ఆ మహానుభావుడు బండల మీద పసుపు బాణాలు ఎక్కేవాళ్ళకి కనిపించేవైపే వేయించాడు. దిగేటప్పుడు ఒక్కటీ కనబడక కొండ కింది చెరువుకి అవతలి ఒడ్డున తేలాను. పడవ షికారు వాళ్ళు ఇవతలికి చేర్చారు. బాణాల సంగతి కార్యదర్శిని అడిగితే, "వెనకవైపు ఎవరు చూస్తారు మాస్టారూ?" అని పళ్ళికిలించాడు.

"ఇంటికెళ్ళాల్సినవాడు చూస్తాడయ్యా" అన్నాను.

నువ్వు నాకోసం రావద్దు. నా పాత బూట్లు పంపు. మీ వంటింటి కుళాయి కారడం ఆగిందా? అల్లుడికీ మనవరాలికీ ఆశీస్సులు. నిన్న రంగు డబ్బా కొనుక్కుని, బండల వెనక బాణాలు నేనే వేశాను. ఆదివారం ఆ పెద్దమనిషి అతిథుల్ని సైకిళ్ళ మీద పైకి తీసుకెళ్తాడట. దిగేటప్పుడు నా బాణాలు చూసుకునే దిగాలి.

నాన్న