ఆరని గడ్డి

మంగళవారం, రాత్రి

సాయంత్రం పాలు తీయడానికి వెళ్లి, పాక పక్కన పేర్చిన గడ్డి కట్టల సందులో చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన ఒంటిలా కాలిపోతోంది. ఒక కట్ట తాడు కోస్తే లోపలంతా ముక్కిన వాసన. గేదె ముందు వేస్తే మూతి పెట్టి చూసి, తల తిప్పేసుకుంది.

ఆదివారం పొద్దునే చెప్పాను కదా ఆయనకి! గుప్పెడు గడ్డి మెలితిప్పితే విరగలేదు. "ఇంకా ఆరలేదండీ, ఆగుదాం" అన్నాను. "మబ్బు చూశావా? వాన పడితే కట్టడానికి గడ్డేం మిగుల్తుంది?" అన్నారు. అదీ నిజమే.

మావయ్యగారి కాలం నాటి ట్రాక్టరు, గడ్డిని కట్టలు కట్టే బేలర్ తగిలించగానే నల్లగా పొగ కక్కింది. మాటిమాటికీ ఆగిపోయింది. "ముసలిదైపోయింది" అని దాన్నే తిట్టారు. తడి గడ్డి లాగలేకపోతున్నానని అది మొత్తుకుంటే వినేదెవరు?

విడిగా వామి వేసే రోజుల్లో కాస్త తడున్నా గాలికి ఆరేది. ఇలా బిగించి కట్టాక ఆ తడి ఎటు పోతుంది?

అన్నీ విప్పేద్దామనుకునేలోపు వాన మొదలైంది. ఏడాది మేత అంతా అదే. గేదెల్ని అమ్మేయాలేమో... రాయడానికే చెయ్యి రావడం లేదు.

ఆయన తడుస్తూనే టార్పాలిన్ కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి వచ్చారు. "ఇంక చుక్క కూడా లోపలికి పోదు" అన్నారు, నా మొహం చూడకుండా.

లోపలి ఆవిరి బయటికి రాదని ఆయనకీ తెలుసు. తువ్వాలు అందించాను.